పడవ గుంజ

మేడ్చల్ హైవే పక్కన ఖాలిక్ అల్యూమినియం దుకాణం ముందు ఒక మంగళవారం పొద్దున డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి సుధాకర్ దిగాడు. ఆయన ఒకప్పుడు ఊరికి సర్పంచ్. ఇప్పుడు శామీర్‌పేట అవతల ఒక చిన్న చెరువు ఒడ్డున నలభై ఇళ్లు కట్టిస్తున్నాడు. ఆ నలభై ఇళ్ల కిటికీల పని కోసం ఖాలిక్ మూడు నెలల నుంచి ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. ఇవాళ ఆయనే నడిచివచ్చేసరికి, మెడలో వేలాడుతున్న టేపు జేబులో పెట్టుకుని, చొక్కా గుండీలు సర్దుకుంటూ ఎదురెళ్లాడు.

సుధాకర్ కిటికీల మాట ఎత్తలేదు. వ్యాను వెనక తలుపు తీయించి, లోపల పడుకోబెట్టిన రెండు వెండిరంగు గొట్టాలు చూపించాడు. ఒకటి ఏడడుగులు, ఇంకోటి పద్నాలుగు. మొన్నటిదాకా రెండూ కలిసి ఒకటే. చెన్నైలో ఎవరి దగ్గరో పాత తెరచాప పడవ కొన్నాడట. పడవ క్షేమంగానే వచ్చింది. తెరచాప కట్టే ఈ గుంజ మాత్రం లారీలో పట్టక వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చింది. డ్రైవరు పద్ధతి ప్రకారం కొసకు ఎర్రగుడ్డ కట్టాడు. తూంకుంట దగ్గర బండి వెనక్కి తీస్తుంటే ఒక ప్రహరీ గోడ అడ్డమొచ్చింది. ఎర్రగుడ్డ చూసి తప్పుకునే అలవాటు ప్రహరీ గోడలకు లేదు.

ఆదివారం సిటీ నుంచి ఇళ్లు చూడటానికి జనం వస్తున్నారు. వాళ్లు వచ్చేసరికి నీళ్ల మీద తెల్లటి తెరచాప తిరుగుతూ కనిపించాలి. హైవే పొడుగునా అప్పుడే ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో సుధాకర్ పడవ మీద చేతులు కట్టుకుని నిలబడి ఎటో దూరంగా చూస్తున్నాడు. నిజానికి ఆయన ఇంకా పడవ ఎక్కనేలేదు.

"గుంజ నిలబడ్డదంటె కిటికీలు నీయే, ఖాలిక్ భాయ్," అన్నాడు సుధాకర్, వ్యాను ఎక్కుతూ.

గొట్టాలను దింపించి బల్ల మీద పెట్టాక అందరికంటే ముందు వాటి మీద చెయ్యి వేసింది బాలమణి. యాభై దగ్గరపడిన మనిషి. మచ్చ బొల్లారం నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. ఆ దుకాణంలో పదకొండేళ్లుగా కిటికీల చట్రాలు కోస్తుంది, బొక్కలు వేస్తుంది, రివెట్లు కొడుతుంది, ఆఖరుకు ఊడుస్తుంది. హాజరు పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా 'హెల్పర్' అని ఉంటుంది. మొదటిరోజు ఖాలిక్ అలా రాశాడు. తర్వాత ఏటా పుస్తకం మారినప్పుడల్లా చూసి ఎక్కించాడు.

ఆమె గొట్టాన్ని ముందు గోటితో కొట్టి విన్నది. తర్వాత చీర కొంగుతో విరిగిన చోటు తుడిచి లోపలికి తొంగిచూసింది. గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. వెనకవైపు నిలువునా ఒక సన్నటి గాడి. తెరచాప అంచు ఆ గాడిలో జారుతూ పైకి పోతుందని ఎవరూ చెప్పకుండానే అన్నది. కిటికీ అద్దం గాడిలో జారినట్టేనట. ఖాలిక్‌కు ఆ పోలిక తట్టలేదు, తట్టనందుకు కొంచెం చిన్నతనం అనిపించింది.

"దీన్ని కాల్చి అతకకున్రి సేఠ్," అన్నదామె. "లోపల తొడుగు ఏసి రివెట్లు కొడ్దాం. కాలిస్తే మెత్తబడ్తది."

శ్రీనివాస్ కుర్చీలోంచి నవ్వాడు. దుకాణంలో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది, అది అతనిది. ఆర్గాన్ వెల్డింగ్ కోసం ఖాలిక్ ఆరు నెలల క్రితం బతిమాలి తెచ్చుకున్న మేస్త్రి. అతని అతుకు చూస్తే చీమలు వరసగా పడుకున్నట్టుంటుంది. చూసినవాళ్లు వేలు పెట్టి తడమకుండా ఉండలేరు. బాలమణి ఇంతకు ముందు సూరారంలో నిచ్చెనల కంపెనీలో పనిచేసింది. అందుకని అతను నిచ్చెన వేరు, ఓడ వేరు బాలమ్మా అన్నాడు. ఆ మాట ఖాలిక్‌కు కూడా సబబుగానే తోచింది. ఓడ పెద్దది కదా.

ఆ ఏడు కరెంటు కోతలు మరీ ఎక్కువ. శ్రీనివాస్ ఒకరోజంతా కుర్చీలో కూర్చుని కరెంటు కోసం చూశాడు. బుధవారం పదిన్నరకు వచ్చింది. ముందు చెయ్యి సాపు చేసుకోవడానికి రెండు చిత్తు గొట్టాలను అతికాడు. తర్వాత గుంజ రెండు ముక్కలనూ బల్ల మీద వరసలో పెట్టించి, బాలమణిని ఒక కొస పట్టుకోమన్నాడు. ఆమె రసమట్టం పెట్టి చూసి, కదలకుండా పట్టుకుంది. నీలి వెలుగు లేచి ఆరింది. అతుకు చల్లారాక ఖాలిక్ చేత్తో రాసి చూశాడు. నగలా ఉంది. మాషాఅల్లా అనుకుని నమాజుకు వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి శ్రీనివాస్ అన్నానికి పోయాడు. ఖాలిక్ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. లోపల బాలమణి ఒంటరిగా ఉంది. రెండు ఇటుకల మీద ఆ చిత్తు గొట్టాన్ని, శ్రీనివాస్ పొద్దున అతికినదాన్ని, అడ్డంగా పెట్టి దాని మీద కాలు వేసి తొక్కింది. గొట్టం చప్పుడు లేకుండా వంగింది. అతుకు దగ్గర కాదు, అతుకు చెక్కు చెదరలేదు. దాని పక్కనే, వేడి తగిలిన బెత్తెడు మేర, పచ్చి తోటకూర కాడలాగ వంగిపోయింది. తర్వాత అదే జాతి గొట్టం, కాల్చనిది, ఇటుకల మీద పెట్టి తొక్కింది. అది ఆమెను ఎగరేసినంత పని చేసి మళ్లీ నిటారైంది.

ఖాలిక్ ముప్ఫై ఏళ్లుగా అల్యూమినియంతో బతుకుతున్న మనిషి. చూసింది అర్థం కాకపోవడానికి అతనికి ఏ సాకూ లేదు. కానీ లోపలికి పోతే ఆమె చూపిస్తుంది. చూపిస్తే ఏదో ఒకటి అనాలి. అంటే శ్రీనివాస్ అలుగుతాడు. మేడ్చల్ నుంచి దుండిగల్ దాకా అతన్ని తీసుకుపోవడానికి నాలుగు దుకాణాలు కాచుకుని ఉన్నాయి. పైగా ఆదివారం వచ్చేస్తోంది, పైగా నలభై ఇళ్లు. ఖాలిక్ చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, రోడ్డు మీదికి పోయి, గట్టిగా రెండుసార్లు దగ్గి మళ్లీ వచ్చాడు. అప్పటికి గొట్టాలు చిత్తులో కలిసిపోయాయి. బాలమణి ఊడుస్తోంది.

ఆదివారం చెరువు ఒడ్డున షామియానా వేసి వంద కుర్చీలు వేశారు. పడవ నడపడానికి సుధాకర్ సైనిక్‌పురి నుంచి వెంకటేశ్వరరావు అనే పెద్దాయనను పిలిపించాడు. విశాఖపట్నం మనిషి, నేవీలో రిటైరయ్యాడు. ఎండకు కాలిన ముఖం, ఇస్త్రీ చేసిన నిక్కరు. వ్యానులో గుంజను పట్టుకు కూర్చోవడానికి బాలమణి కూడా వచ్చింది. గుంజను పడవలో నిలబెట్టి, మూడు వైపులా తీగలు లాగి బిగించాక వెంకటేశ్వరరావు అతుకు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తడిమాడు.

"దీన్ని కాల్చి అతికారా అండీ?" అని అడిగాడు.

శ్రీనివాస్ ముందుకొచ్చి అవునన్నాడు. వెంకటేశ్వరరావు సుధాకర్‌ను పక్కకు తీసుకుపోయి ఈ రోజుకు పడవను ఒడ్డునే కట్టి చూపిద్దాం, తెరచాప ఎత్తవద్దు అన్నాడు. జనం అంత దూరం నుంచి వచ్చింది తీగలు చూడటానికా అన్నాడు సుధాకర్. కనీసం ఒడ్డుకు కట్టి ఉంచే ఎత్తుదామన్న దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది.

తెరచాప గాడిలో జరజరా జారి పైకి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతలో నీళ్ల మీద నుంచి ఒడ్డు వైపు ఒక గాలి వచ్చింది. గట్టిగాలి కూడా కాదు, ఆరేసిన బట్టలు ఊగేపాటి గాలి. తెరచాప పొట్ట ఉబ్బింది. గుంజ ఏడడుగుల ఎత్తున, చప్పుడు లేకుండా, పెళ్లిలో పెద్దలకు మొక్కే కొత్త అల్లుడిలాగ వినయంగా వంగడం మొదలుపెట్టింది. ఆగలేదు. కొసన కట్టిన రంగుల జెండా వెళ్లి ముందు వరసలో కూర్చున్న ఒకాయన ఒళ్లో పడింది. ఆయన దాన్ని మడిచి పక్క కుర్చీలో పెట్టాడు. వెనక వరసల్లో కొంతమంది ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

సుధాకర్ ముఖం చూసి శ్రీనివాస్ ముందే నోరు తెరిచాడు. తన అతుకు ఊడలేదు చూసుకోమన్నాడు, అది నిజమే. మరి వంగిందేమంటే, అతికేటప్పుడు హెల్పరు కొస వంకరగా పట్టిందన్నాడు. అందరూ బాలమణిని చూశారు. తర్వాత ఖాలిక్‌ను చూశారు.

ఖాలిక్ నోట్లో మాట ఉన్నది. అది బయటికి వచ్చేసరికి వేరే మాట అయిపోయింది. "హెల్పరమ్మ గదన్నా," అన్నాడు సుధాకర్‌తో. "ఒక్కోసారి చెయ్యి కదులుతది."

బాలమణి వ్యానులోంచి తన టిఫిన్ డబ్బా తీసుకుని, షామియానా పక్కనుంచి నడిచి, బస్సు రోడ్డు వైపు వెళ్లిపోయింది.

సోమవారం ఆమె రాలేదు. దుకాణంలో ఏ బ్లేడు ఎక్కడుందో, ఏ చట్రం ఎవరిదో ఎవరికీ తెలియలేదు. అల్వాల్ వాళ్ల తలుపు కోసం తీసుకున్న కొలతలో ఖాలిక్ అంగుళం తప్పాడు. సాయంత్రం సుధాకర్ ఫోన్ చేసి, వచ్చే ఆదివారానికి గుంజ నిలబడకపోతే కిటికీలు వేరేవాళ్లకని చెప్పాడు. దాంతోపాటు, వెంకటేశ్వరరావు కాల్చకుండా అతకమన్నాడని, ఆయనే సిటీలో ఎక్కడో పాత సామాన్లలో అదే రకం గొట్టం మూడడుగుల ముక్క సంపాదించి పంపుతున్నాడని కూడా చెప్పాడు. దుకాణం మూసేవేళకు ఆ ముక్క వచ్చింది. దానితో ఏం చేయాలో ఖాలిక్ శ్రీనివాస్‌ను అడిగాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, అతకమంటే అతుకుతానన్నాడు.

ఇంట్లో సైదా సంగతంతా విన్నది. భర్త చెప్పకుండా దాటేసిన చోట కూడా విన్నది, పాతికేళ్ల కాపురం కదా. బాలమణి తప్పేమిటని మాత్రం అడిగింది. ఖాలిక్ పళ్లెంలో పప్పు కలుపుతూనే ఉన్నాడు. అయితే పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లు, ఇక్కడ కూర్చుని నా పప్పును పాడుచేయకు అన్నది సైదా.

మచ్చ బొల్లారంలో ఖాలిక్‌కు రెండు సంగతులు తెలిసొచ్చాయి. బాలమణి ఇల్లు ఎక్కడో పదకొండేళ్లలో తను ఎన్నడూ అడగలేదన్నది ఒకటి. కిరాణా కొట్టులో కూర్చున్న ఐలమ్మ అనే ముసలావిడను అడిగితే, బాలమణులు ఈ గల్లీలో ముగ్గురున్నారు, ఎవరు కావాలన్నది. అల్యూమినియం దుకాణంలో పనిచేసే ఆమె అన్నాడు.

"మేస్త్రి బాలమణా? గట్ల జెప్పు మరి," అన్నదావిడ.

రెండోది అదే.

మేస్త్రి బాలమణి గడప మీద కూర్చుని బెండకాయలు కోస్తోంది. అతన్ని చూసి లేచి, ప్లాస్టిక్ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. ఖాలిక్ ఎండ గురించి మాట్లాడాడు. కరెంటు గురించి మాట్లాడాడు. బెండకాయలు లేతగా ఉన్నాయన్నాడు. ఆమె అన్నింటికీ ఔనన్నది. ఆఖరుకు మూడడుగుల ముక్క సంగతి ఎత్తగానే ఆమె చెయ్యి ఆగింది. వెనక గాడి అదే రకమా, మందం అంతేనా అని అడిగింది. రెండూ తెలియవన్నాడు.

"గుంజ నేను అతుకుత సేఠ్," అన్నదామె. "కని నాకొక హెల్పర్ కావాలె. శ్రీనివాస్‌ను వద్దు. ఆయినె చెయ్యి మంచిదే, చెవులే పనిజెయ్యవు."

ఎవరిని కావాలంటే వాళ్లను పెడతానన్నాడు ఖాలిక్.

"మీరే రావాలె."

ఆమె నవ్వుతూ అన్నదేమోనని ఖాలిక్ ముఖం చూశాడు. ఆమె బెండకాయ తొడిమ కోస్తోంది.

బుధవారం నుంచి మేడ్చల్ హైవే మీద పోయేవాళ్లకు ఒక వింత కనిపించింది. దుకాణం యజమాని నేల మీద గొంతుకూర్చుని గొట్టం పట్టుకుంటే, బాలమణి పైన నిలబడి పని చెబుతోంది. ముందు విరిగిన కొసలు, కాలి మెత్తబడ్డ మేర, రెండు వైపులా అడ్డంగా కోసేయించింది. గుంజ జానెడు పొట్టిదవుతుందని ఖాలిక్ అన్నాడు. తీగలు బిగించుకుంటారులే అన్నది. తర్వాత మూడడుగుల ముక్కలో వెనక గాడి ఉన్న పట్టీని పొడుగునా కోసి తీసేయించింది. మిగిలింది వెన్నెముక లేని గొట్టం, నొక్కితే దగ్గరికి వస్తుంది. దాన్ని నొక్కి గుంజ లోపలికి దూర్చితే అక్కడ విచ్చుకుని గోడలకు అంటుకుపోతుంది. నొక్కే పని హెల్పర్‌ది. ఖాలిక్ బెల్టు తీసి దాని చుట్టూ బిగించి, రెండు మోకాళ్ల మధ్య పెట్టి, పళ్లు బిగబట్టి నొక్కుతుంటే, ఆమె కొయ్య సుత్తితో తట్టి దూర్చింది. సగం పోయాక ఇరుక్కుంది. బయటికి లాగి, అంచులు ఆకురాయితో సాపు చేసి, మళ్లీ. మూడుసార్లు.

రెండో రోజు దూర్చే ముందు ఆ తొడుగు రెండు కొసలనూ చేపతోక ఆకారంలో కోయించింది. ఇంత మంచి కొసలను ఎందుకు పాడుచేయడం అని అడిగాడు ఖాలిక్. ఈసారి నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు.

"లోపలి బలం ఒక్కసారి ఆగిపోతె గుంజ గాడ్నే విరుగుతది సేఠ్. మెల్లమెల్లగ తగ్గాలె."

రివెట్ల బొక్కలు కూడా ఒక్క వరసలో వేయనివ్వలేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి, జరిపి జరిపి గుర్తులు పెట్టింది. వరసగా పొడిస్తే బస్సు టికెట్ చించినట్టు చినుగుతుందన్నది. ఇనుప రివెట్లు దగ్గరికి రానివ్వలేదు. నీళ్లల్లో ఇనుము, అల్యూమినియం పక్కపక్కన ఉంటే తెల్ల బూడిద లేస్తుందట. కరెంటు ఉన్నంతసేపు బొక్కలు, కరెంటు పోతే చేతి గన్నుతో రివెట్లు. నలభై ఎనిమిది రివెట్లలో ఖాలిక్ కొట్టినవి ఆరు, అందులో రెండు ఆమె పీకించి మళ్లీ కొట్టింది. చివరకు తెరచాప అంచుకు బదులు కొత్త నాడా ఒకటి తెచ్చి వెనక గాడిలో కింది నుంచి పైదాకా లాగింది. అతుకు దగ్గర వెంట్రుకవాసి తట్టుకుంది. ఆకురాయితో రుద్ది మళ్లీ లాగింది. ఈసారి నూనె రాసినట్టు పోయింది. శ్రీనివాస్ కుర్చీలోంచి లేచి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు తను కూడా ఒకసారి లాగి చూశాడు.

రెండో ఆదివారం కుర్చీలు యాభయ్యే వేశారు, ముందు వరస నీళ్లకు చాలా దూరంలో వేశారు. వెంకటేశ్వరరావు గుంజను మోకాలి మీద పెట్టి తట్టాడు, నాలుగు వేళ్లతో రివెట్లు తడిమాడు. ఎవరు అతికారని అడిగాడు. ఖాలిక్ బాలమణిని చూపించాడు. ఆయన ఆమెకు చేతులు జోడించి, కొత్త అతుకు వేసిన గుంజతో మొదటిసారి నీళ్ల మీదికి పోయేటప్పుడు అతికినవాళ్లు కూడా ఎక్కాలని, వాళ్లు ఎక్కితేనే తను ఎక్కుతానని చెప్పాడు. ఆయన ఓడల్లో అదే లెక్కట.

బాలమణి కొంగు నడుముకు చుట్టుకుని ఎక్కి కూర్చుంది. "మా హెల్పర్ గూడ వస్తడు," అన్నది.

ఖాలిక్‌కు ఈత రాదు. లైఫ్ జాకెట్ అతని పొట్ట మీద కలుసుకోనన్నది. దాన్ని సుధాకర్ మనుషులు తాడుతో కట్టారు. బూట్లు ఒడ్డున విడిచి, పడవ మధ్యలో కూర్చుని, కళ్లు మూసుకుని, వచ్చిన ఖురాన్ ఆయతులన్నీ చదివాడు. కాసేపటికి నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించక కళ్లు తెరిచాడు. ఒడ్డు అరచేతంత అయిపోయింది. ఇవాళ గాలి ఒడ్డు నుంచి నీళ్లమీదికి వీస్తోంది. తల పైన తెల్లటి గుడ్డ బిగిసి ఉంది. గాలి పెరిగినప్పుడు గుంజ పై కొస కొంచెం వంగింది, తగ్గగానే నిటారైంది. అతుకు అతుకులాగానే ఉంది. బాలమణి ఒక చెయ్యి గుంజ మీద పెట్టుకుని, బస్సులో కిటికీ సీటు దొరికిన మనిషిలాగ చుట్టూ చూస్తోంది.

"బాలమణీ," అన్నాడు ఖాలిక్. అతను ఎప్పటిలాగ బాలమ్మా అనకపోవడం ఇద్దరికీ తెలిసింది. "గా బుధవారం నువ్వు గొట్టాన్ని కాలుతోని తొక్కినప్పుడు నేను చూసిన. గుమ్మంల నిలబడి రెండూ చూసిన."

"ఎరుకే సేఠ్. మీ నీడ నా కాలు మీదనే పడ్డది," అన్నదామె. "రోడ్డు మీదికి పోయి దగ్గిన్రు గూడ."

ఖాలిక్ తల దించుకున్నాడు. తప్పయిందన్నాడు. ఆమె చెయ్యి కిందికి చాపి నీళ్లను తాకింది.

"గీ నీళ్లకు చెప్తె ఏమొస్తది," అన్నది. "నన్ను అన్నది గాడ గద."

ఖాలిక్ ఒడ్డు వైపు చూశాడు. చెప్పేయాలి. ఇప్పుడే, ఈ వేడి మీదే. పడవను తిన్నగా ఒడ్డుకు పోనిమ్మని వెంకటేశ్వరరావును అడిగాడు. ఆయన నవ్వి, గాలి ఎదురుగా ఉంది, తిన్నగా పోవడం కుదరదండీ, అటు కొంతా ఇటు కొంతా అడ్డంగా తిరుగుతూ పోవాలన్నాడు. పడవ ఎడమకు బయలుదేరింది. ఖాలిక్ ధైర్యంగా కూర్చున్నాడు. చెరువు ఆ చివరకు పోయేసరికి నలభై ఇళ్లు గుర్తొచ్చాయి, ధైర్యం సగమైంది. తల వంచండి అన్నాడు వెంకటేశ్వరరావు. తెరచాప కిందంచుకు కట్టిన అడ్డకర్ర నెత్తి మీద నుంచి అటు మళ్లింది. పడవ కుడికి తిరిగింది. అటు పోతుంటే సైదా గుర్తొచ్చి ధైర్యం మళ్లీ పుంజుకుంది. మళ్లీ తల వంచండి. అలా ఏడుసార్లు తల వంచాడు. ఏడోసారికి అతనికి భయమూ ధైర్యమూ రెండూ విసుగెత్తిపోయి, ఒడ్డు వస్తే చాలు ఎలాగైనా చెప్పి పడేస్తాననిపించింది.

ఒడ్డు వచ్చింది. జనం చప్పట్లు కొడుతున్నారు. సుధాకర్ శాలువా పట్టుకుని నిలబడ్డాడు. ఖాలిక్ మోకాలి లోతు నీళ్లలో దిగి, జారి, లేచి, పొట్ట మీద తాడుతోనే నడుచుకుంటూ పోయాడు. సుధాకర్ శాలువా విప్పుతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోయినవారం బాలమణి వంకర పట్టలేదన్నా. రసమట్టం పెట్టి పట్టుకుంది. కాలిస్తె వంగుతదని ముందే జెప్పింది. చిత్తు గొట్టం వంగుడు గా దినమే నేను గూడ కండ్లార చూసిన. చూసి నోరు మూసుకున్న. నీ ముంగట తప్పు ఆమె మీదికి పోతుంటె పోనిచ్చిన."

పక్కనే ఉన్న శ్రీనివాస్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. సుధాకర్ శాలువాను అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"చూసి గూడ ఊకున్నవా," అన్నాడు మెల్లగా. "మరి నీ మాట మీద నలభై ఇండ్ల కిటికీలు ఎట్ల ఇయ్యాలె భాయ్?"

ఖాలిక్ చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. అప్పటికి బాలమణి పడవ దిగి వచ్చింది. సుధాకర్ ఆమె వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, ఈయనకు ఇవ్వొచ్చా అని అడిగాడు.

బాలమణి కొంగు పిండుకుంది. అవసరానికి మించే పిండుకుంది. ఖాలిక్‌కు ఆ కాసేపు చెరువు మధ్యలో కూర్చున్నదానికంటే పొడుగ్గా అనిపించింది.

"సేఠ్ పని తెలిసినోడే," అన్నదామె. "చూసింది జెప్పేతందుకు పదకొండు దినాలు పడ్తది, గంతే. కిటికీల కొలతలు నేను దీస్త. నేను సరే అన్నంకనే కోసుడు."

సుధాకర్ ముందు నవ్వాపుకోవాలని చూశాడు, తర్వాత ఆపుకోలేదు. శాలువా ఆమె భుజాల మీద వేశాడు. ఆమె దాన్ని తీసి మడిచి, తడి తగలకుండా కుర్చీ మీద పెట్టి, మొదటి ఇల్లు ఏదని అడిగింది. ఆయన చెయ్యి ఎత్తి ఎడమ వైపు చూపించాడు. ఆమె వెనక్కి తిరిగి ఖాలిక్ ముందు అరచెయ్యి చాపింది. అతను తడిసిన జేబులోంచి టేపు తీసి అందులో పెట్టాడు.

ఆమె ఇసుక కుప్పలు దాటుకుంటూ నడిచింది. వెనకాలే ఖాలిక్, బూట్లు చేత పట్టుకుని.